పొద్దుగూకేలోపు ఒక్క పని

మా మేనత్త పోయిందని మొన్న పొద్దున్నే చంద్రపూర్ నుంచి ఫోన్ వచ్చింది. తొంభై దాటిన మనిషి పోతే ఏడవకూడదని ఇంట్లో ఒకరు హితవు చెప్పబోయారు. వాళ్ళ తెలివి తెల్లారినట్టే ఉంది. నేను కరువుతీరా ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని, ఆమె గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. ఊరికే కూర్చుని ఏడుస్తుంటే ఊరుకునే రకం కాదు ఆమె.

మాది రాజురా దగ్గర పల్లె. రాష్ట్రాల హద్దులు మార్చిన ఆ ఏళ్ళలో మేం ఉన్నచోటే ఉన్నాం గానీ, మా తాలూకా హైదరాబాదు వైపు నుంచి మరాఠీ వైపుకు మారింది. బడీ మరాఠీ అయింది. తెలుగు పంతులు ఊరు విడిచి వెళ్ళిపోయాడు. కొత్త పాఠాలు నా బుర్రకెక్కలేదు, పరీక్ష తప్పాను. నాకేమో చదువంటే ప్రాణం. మా బాపు మాత్రం ఇక చాలన్నాడు. సరిగ్గా అప్పుడే ఏదో పెళ్ళికని అత్త మా ఊరొచ్చింది.

“సదవేస్తె ఉన్న మతి వొయ్యిందక్కా. ఇగ చేనుకు వస్తది,” అన్నాడు బాపు.

“ఒక్క యాడాది నాకియ్యి తమ్మీ. దీని సదువు అక్కరకు రాకుంటె నేనే తోలుకొచ్చి నీ చేన్ల నిలవెడ్త,” అంది అత్త.

అలా నా చదువుకు ఏడాది గడువు పడింది. చంద్రపూర్ బాబుపేట్‌లో మామయ్యది కిరాణా దుకాణం. నన్ను అక్కడి మరాఠీ బడిలో వేశారు. అత్త తెలుగు కూడబలుక్కుని చదివేది. మరాఠీ మాటే తప్ప అక్షరం ముక్క రాదు. కానీ బడి నుంచి రాగానే నా చేతిలో అటుకుల గిన్నె పెట్టి, “ఇయ్యాల ఏం జెప్పిండ్రే?” అనేది. పాఠమంతా తెలుగులో చెప్పించుకునేది. ఆ తర్వాత అసలు ప్రశ్న వచ్చేది: “మరి గదాంతోని ఏం జేద్దాం?”

ఇదీ ఆమె పెట్టిన రూలు. పొద్దుగూకేలోపు ఆ రోజు చదువు ఇంట్లో ఏదో ఒక పనిలో కనబడాలి. “సదువంటె ఎండుమిరపకాయలా, డబ్బాల వోసి మూత వెట్టనీకి?” అని దెప్పేది. నీళ్ళు ఆరుతున్నప్పుడు వేడిని లాక్కుంటాయని సార్ చెప్పిన రోజు, మా మంచినీళ్ళ కుండకు తడి గోనె చుట్టి కిటికీలో పెట్టాం. చంద్రపూర్ ఎండలు తెలిసినవాళ్ళకు ఆ నీళ్ళ విలువ తెలుస్తుంది. పద్యం చెప్పిన రోజు, నేను అది పాడుతుంటే ఆమె ఆ వరసకు బియ్యం చెరిగింది. సముద్రం పాఠం దగ్గర మాత్రం ఇద్దరం ఓడిపోయాం. చాలాసేపు ఆలోచించి, “ఉప్పు బస్త కింద చెక్క వెట్టు పో, నెమ్మొస్తది,” అని సరిపెట్టింది.

నవ్వులాటకు చెప్పడం లేదు. పాఠంలోంచి పని తీయాలంటే ముందు అది నాకు అర్థం కావాలి కదా. కంఠస్థం చేస్తే అత్త దగ్గర చెల్లేది కాదు. ఇప్పటికీ పుస్తకం మూయగానే, “మరి గదాంతోని ఏం జేద్దాం?” అనే గొంతు నా చెవిలో పడుతుంది.

ఒకసారి రాజుగారి పాఠం వచ్చింది. ప్రజలు తన గురించి ఏమనుకుంటున్నారో వినడానికి మారువేషంలో తిరిగిన రాజు. అప్పటికి మా దుకాణానికి ఆడవాళ్ళు రావడం బాగా తగ్గింది. ఎందుకో మామయ్యకు అంతుబట్టలేదు.

“గీ రాజెవడో గని మస్తు హుషారోడే,” అంది అత్త.

పక్కింటావిడను అడిగి తొమ్మిది గజాల చీర తెచ్చి, మరాఠీ కట్టు కట్టింది. కొంగు మొహం మీదికి లాక్కుని, నన్ను వెంటేసుకుని వెనక వీధి నల్లా దగ్గరికి నడిచింది. అక్కడ బిందె పట్టుకున్న మొదటి ఆమే, “సేఠాణీ, ఇదేం వేషం?” అని మరాఠీలో పకపకా నవ్వేసింది. అత్త కూడా నవ్వి, కొంగు తీసేసి, వచ్చిన సంగతి ఉన్నదున్నట్టు అడిగేసింది. వాళ్ళూ మొహమాటపడకుండా చెప్పారు.

ఇంటికొచ్చి మామయ్యతో అంది: “రెండో మాట అడిగితె కసురుతవట. గంతె.”

ఆయన రెండు రోజులు మూతి ముడుచుకున్నాడు. మూడో రోజు నుంచి సాయంత్రాలు గల్లాపెట్టె దగ్గరి గద్దె మీద అత్త కూర్చుంది, పక్కన నేను. ఆడవాళ్ళు మళ్ళీ రాసాగారు. నా మరాఠీ అక్కడే నోట్లోకి వచ్చింది. బడిలో నా వచ్చీరాని మాటలు వినే ఓపిక ఎవరికీ లేదు. దుకాణంలో బెల్లం కావలసినవాళ్ళు వినక తప్పదు.

ఏడాది గడిచింది. పరీక్ష గట్టెక్కాను, అదీ అంతంత మాత్రంగా. గడువు తీరిందని బాపే వచ్చాడు. నా బట్టలు మూట కట్టుకుని దుకాణంలో ఓ మూల కూర్చున్నాను. అత్త ఏ వాదనా పెట్టుకోలేదు. “దుకాణంల కూసో తమ్మీ, చాయ్ పంపుత,” అంది.

అప్పుడే ఒక ముసలమ్మ వచ్చి, దుకాణం మనిషే అనుకుని బాపును మరాఠీలో ఏదో అడిగింది. బాపు దిక్కులు చూశాడు. నేను లేచి బదులు చెప్పి, కావలసింది ఇచ్చాను. ఆమె నా బుగ్గ తట్టి ఏదో అనేసి వెళ్ళింది.

“ఏమన్నది గా ముసల్ది?” అన్నాడు బాపు.

“నీ బిడ్డ హుషారట,” అంది అత్త, చాయ్ పట్టుకొచ్చి.

బాపు చాయ్ తాగి కప్పు పక్కన పెట్టాడు. “తాసిల్ కచేరిల నేను గిట్లనే నిలవడ్తున్ననక్కా, నోట్ల నాలుక లేనట్టు,” అన్నాడు చివరికి. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. సాయంత్రం అన్నం తిని ఒక్కడే వెళ్ళిపోయాడు. నన్ను రమ్మని అనలేదు, ఉండమనీ అనలేదు.

తొలి వానలు పడి బళ్ళు తెరిచిన వారంలో, దుకాణం ముందు మళ్ళీ బాపు కనబడ్డాడు. నన్ను తోలుకుపోవడానికే వచ్చాడనుకుని నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆయన వెనక, చొక్కా అంచు పట్టుకుని మా చెల్లెలు. తలకు నూనె పెట్టి రెండు జడలు బిగించి ఉన్నాయి. చంకలో చిన్న బట్టల మూట.

“అక్కా, గిది చేన్ల మంచిగనే పని జేస్తది,” అన్నాడు బాపు నేల చూపులు చూస్తూ. “అయినా... గిదాన్ని గూడ నీకాడ్నె ఉంచుకో.”

అత్త బెల్లం అంటిన చేతిని కొంగుకు తుడుచుకుని, గద్దె మీద కొంచెం పక్కకు జరిగింది.