కలిపిన రంగు ఆగదు

పోయిన మంగళవారం తెల్లవారుజామున మా మేనత్త ప్రొద్దుటూరులో, తన ఇంట్లోనే చనిపోయింది. మూడు నెలలుగా మంచం మీదే ఉంది. ఆమె గురించి పత్రికలో రాయాల్సినంత ఏముందని మావాళ్లే అడిగారు. ఇంట్లో కూర్చుని వీధి ఆడవాళ్ల తలలకు రంగు కలిపి పెట్టేది, అంతే కదా అన్నారు. అంతే. ఆమె విషయంలో నేను రెండు తప్పులు చేశాను. అవి చెప్పకుండా ఉండలేను.

మామ పోయేనాటికి ఆమెకు నలభై దాటాయి. ఏడాది తిరక్కుండానే తలకు రంగేసుకుంది. తొండూరులో ఉండే మా చిన్నాయన, అంటే ఆమె సొంత తమ్ముడు, నెలల తరబడి ఆ గడప తొక్కలేదు. పెళ్లాం పోయిన ఏడాదికే మీసాలకు రంగేసుకున్న మగవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. వాళ్లను ఎవరేమన్నారు? అత్త మాత్రం, "మొగుడు పోయినాడు గానీ నా తల యాడికీ పోల్యా" అనేది.

ఆమె పనికి పద్ధతి ఉండేది. కొత్తగా వచ్చినవాళ్లకు చెవి వెనక కాస్త రాసి పంపించేది. రెండు రోజుల్లో దురదా మంటా లేకపోతేనే మళ్లీ రమ్మనేది. ఎవరైనా తొందరపెడితే, "మొగం ఉబ్బిచ్చుకోని పోతావా పెండ్లికి?" అని కసిరేది. స్టీలు గిన్నె ముట్టనిచ్చేది కాదు, పింగాణీ గిన్నే. ట్యూబులో రంగు ఎంతో, దాన్ని పట్టించే సీసాలో డెవలపర్ అంతే. మనిషి భుజాలకు తువ్వాలు కప్పుకుని పీట మీద కూర్చున్నాకే ఆ రెండూ కలిపేది. "కల్పినాక మాటల్లేవ్. గిన్నెలోనే ముదిరిపోతాది, మళ్ల తలకు పట్టదు."

ఆ రోజుల్లోనే నేను జుట్టు రంగుల మీద ఒక వ్యాసం రాశాను. కంపెనీలు ఆడవాళ్లకు వయసంటే భయం నేర్పి సొమ్ము చేసుకుంటున్నాయనీ, నెరిసిన తలను నెరిసినట్టే ఉంచుకోవడమే ఆత్మగౌరవమనీ వాదించాను. మొదటి సగం మీద ఇప్పటికీ నిలబడతాను. జమ్మలమడుగులో ఉన్న నాకు అత్త ఫోన్ చేసి రమ్మంది. వెళ్లేసరికి బట్టల అంగడిలో పనిచేసే ఒకామె పీట మీద ఉంది.

"ఈయమ్మకు చెప్పప్పా నీ ఆత్మగౌరవం. తల తెల్లబడితే, చీరలు సూపిచ్చేదానికి ముసిల్ది వద్దని పంపిచ్చేస్తారంట."

"అది అంగడాయన తప్పు కదత్తా."

"మరి ఆయప్పకు రాయి. ఈయమ్మకెందుకు రాస్తాండావు?"

పీట మీది ఆమె పకపకా నవ్వింది. "కదలాకు, చెవుల్లోకి పోతాది" అని అత్త ఆమె భుజం మీద ఒక్కటి వేసింది. సభల్లో ఎందరి నోళ్లో మూయించినవాణ్ని, ఆరోజు ఆ పీట పక్కన తువ్వాలు అందిస్తూ నిలబడ్డాను. అత్త బ్రష్షు కూడా ఆపలేదు.

మంచాన పడ్డాక ఆమె పాపిటకు అటూ ఇటూ రెండు వేళ్ల వెడల్పున తెలుపు వచ్చేసింది. చనిపోవడానికి వారం ముందు నన్ను దగ్గరికి పిలిచింది.

"నన్ను ఎత్తుకపోయేటప్పుడు ఈ తెల్లెంట్రుకలతో పంపొద్దప్పా. వీధంతా సూస్తాది. బీరువాలో డబ్బా ఒకటుంది."

సరేనని ఆమె చేతిలో చెయ్యి వేశాను.

మంగళవారం, ఆమెకు నీళ్లు పోయకముందే డబ్బా తీసి రంగూ డెవలపరూ కలిపాను. గిన్నె పట్టుకుని గదిలోకి పోబోతే చిన్నాయన అడ్డం నిలబడ్డాడు.

"ఏందిరా అది? మొగుడు ల్యాని మనిషి, ఇప్పుడు పానం గూడా ల్యాని మనిషి. రంగేందిరా?"

"ఆమే అడిగింది చిన్నాయనా."

"అడుగుతాది. పదిమంది నవ్వితే ఎవురు పడాల?"

అంతే, నేను మొదలుపెట్టాను. విధవ తల మీద ఊరికి పెత్తనం ఎవరిచ్చారన్నాను. పిన్ని పోయిన ఏడాదికే రంగేసిన ఆయన మీసాల సంగతి ఎత్తాను. బతికున్నవాళ్ల వెంట్రుకకు మాత్రం ప్రాణం ఎక్కడుందన్నాను. జనం పోగయ్యారు. జనాన్ని చూస్తే నాకు గొంతు పెరుగుతుంది. గంట గడిచిందేమో, చిన్నాయన అరుగు మీద కూలబడ్డాడు.

"సరే పోరా సామీ, నీతో ఎవురు మాట్లాడ్తారు? పెట్టుకో పో."

గెలిచాననుకుని గిన్నెలోకి చూశాను. కలిపినప్పుడు మీగడలా ఉన్నది తారులా నల్లబడి అంచులకు కరుచుకుపోయింది. కడసారి చూపుకు వచ్చిన బట్టల అంగడి ఆమె వేలితో తాకి చూసింది.

"ఇది ఇంగ పట్టదన్నా. కల్పి పెట్టుకోని ఇంతసేపు మాట్లాడ్తాంటివా?"

అయినా ఇద్దరం కలిసి రాశాం. నీళ్లు పోయగానే నలుపంతా కారిపోయి తెలుపు తెల్లగానే తేలింది. ఇంకో డబ్బా తెచ్చి, పెట్టి, ఆగేంత వ్యవధి లేదు. బయట పాడె కట్టేశారు. అత్త నన్ను అడిగింది ఒక్కటే. ఆ ఒక్కటీ నేను వాదనలో పోగొట్టాను.

తలవైపు కర్ర నా భుజానికి వచ్చింది. బట్టల అంగడి ఆమె, అత్త తల మీద కప్పిన బట్టను కనుబొమల దాకా కిందికి లాగి, జారకుండా అంచు పట్టుకుని నా పక్కనే నడిచింది. అత్త చేతి రంగు తలలన్నీ వాకిళ్లలోకి వచ్చి నిలబడ్డాయి. ఎవరికీ అత్త తెల్లవెంట్రుక ఒక్కటి కూడా కనబడలేదు. వీధి మలుపులో ఎవరో, "ఆడోళ్లు ఈడికే ఆగండమ్మా" అన్నారు.

ఆమెను రానివ్వండి అని నేను అనాల్సింది. అనకుండానే అడుగు ముందుకు వేశాను. ఆమె బట్ట అంచు వదిలేసింది. నా రెండు చేతులూ కర్రను పట్టుకుని ఉన్నాయి. నాలుగడుగులు వేసేసరికి బట్ట మెల్లగా వెనక్కి జారింది.