బానెట్ చాటు మనిషి

ఆ వీధిలో ఆయన్ని అందరూ కరెంటాయన అనేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, దాంతో ఎవరికీ పని పడలేదు. హారన్ మోగకపోయినా, లైట్లు మసకబారినా, పొద్దున్నే సెల్ఫ్ కొడితే టిక్కు టిక్కుమని బండి మొరాయించినా, దాన్ని తోసుకుంటూ ఆయన షెడ్డుకే తెచ్చేవారు. చొక్కా జేబులో మీటరు, చెవి మీద టెస్టరు, నోటి నిండా తిట్లు. అవి వైర్లకే తప్ప మనుషులకు కాదని ఆయన అనేవాడు. టేపు చుట్టని జాయింటు కనిపిస్తే మాత్రం, అది చేసినవాడి ఏడు తరాలకూ అందులో వాటా దక్కేది.

పని నేర్చుకుంటామని వచ్చినవాళ్ళకు మొదటిరోజు ఆయన చెప్పే మాట ఒకటే. "ఛార్జింగ్ లేదని బండి వస్తే ముందు సీట్లో కూర్చో. తాళం తిప్పు. మీటరు బోర్డు మీద బ్యాటరీ ఎర్రలైటు వెలిగిందో లేదో చూడు. ఆ తర్వాతే స్పానర్ ముట్టుకో." అలా నేర్చుకున్నవాళ్ళు సొంత షెడ్లు పెట్టుకుని, తమ దగ్గర చేరినవాళ్ళకు అదే మాట చెబుతున్నారు. అలాంటి మనిషి సొంత ఇంటి బండి దగ్గరికొచ్చేసరికి ఆ మాటే మరిచిపోయాడు. తెలివి తక్కువై కాదు. బుర్ర మరోచోట ఉంది.

ఆయనకు ఒక్కతే కూతురు. కిడ్నీలు పాడై, డయాలసిస్ మీద రోజులు నెట్టుకొస్తోంది. అల్లుడు సరుకుల వ్యాన్ నడుపుతాడు. భార్యను ఆస్పత్రికి తీసుకెళ్ళేదీ అందులోనే. తన కిడ్నీ ఒకటి కూతురికి ఇస్తానని కరెంటాయన పట్టుబట్టాడు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు ఆయన్ని ఒక్కణ్ణే లోపలికి పిలిచాడు.

"మీకు చాలా ఏళ్ళుగా షుగరు ఉన్నట్టుంది. మీరు చూపించుకోలేదు. అది మీ కిడ్నీలనే పాడుచేయడం మొదలుపెట్టింది. మీది తీసుకోవడం కుదరదు. ముందు మీరు మందులు మొదలుపెట్టండి," అన్నాడు.

బయట బెంచీ మీద కూర్చున్న కూతురు తలెత్తి చూసింది. ఆయన నోటికి అందిన అబద్ధం ఆడేశాడు.

"ఇంకా రిపోర్టులు రావాలంటమ్మా."

మొదట్లో ఆమె అడిగేది, "రిపోర్టులు వచ్చాయా నాన్నా?" అని. తర్వాత అడగడం మానేసింది. అడిగినప్పటికన్నా అడగనప్పుడే ఆయనకు నరకంగా ఉండేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే వ్యాన్ ఇంజన్ పట్టేసింది. బాగుచేయడం దండగని పక్క షెడ్డు ఇంజన్ మేస్త్రి తుక్కుబళ్ళలోంచి మరో ఇంజన్ వెతికి తెచ్చి, దాని ఆల్టర్నేటర్‌తో సహా బిగించాడు. ఆల్టర్నేటర్ అంటే, బండి నడుస్తున్నంతసేపూ బ్యాటరీని నింపుతూ ఉండేది. కొత్త ఇంజన్ చక్కగా నడిచింది. కానీ ఆస్పత్రి నుంచి తిరిగొస్తుంటే బ్యాటరీ పూర్తిగా దిగిపోయి, వ్యాన్ నడిరోడ్డు మీద ఆగిపోయింది. డయాలసిస్‌తో ఒళ్ళంతా పిండేసినట్టున్న మనిషి ఎర్రటి ఎండలో రోడ్డు పక్కన కూలబడింది. తిరిగొచ్చేటప్పుడు కాబట్టి సరిపోయింది. వెళ్ళేటప్పుడు ఆగితే?

కరెంటాయన వెంటనే బానెట్ ఎత్తాడు. ఇంజన్ మార్చినప్పుడు చాలామంది మరిచిపోయేది ఇంజన్‌నూ బాడీనీ కలిపే ఎర్త్ తీగ. అది ఉంది. అయినా మేస్త్రి మీద నమ్మకం లేక ఇంకోటి వేశాడు. బెల్టు బిగువు చూశాడు. బ్యాటరీకి వెళ్ళే లావు వైరును ఈ చివరి నుంచి ఆ చివరికి తడిమాడు. ఇంజన్ నడుస్తుండగా మీటరు పెడితే, పద్నాలుగు వోల్టుల దాకా లేవాల్సిన అంకె పన్నెండు దగ్గర చతికిలబడి, చూస్తుండగానే ఇంకా కిందికి జారింది. ఆల్టర్నేటర్ ఊడదీసి షెడ్డు బల్ల మీద తిప్పితే భేషుగ్గా కరెంటు ఇచ్చింది. మళ్ళీ బండికి బిగిస్తే మొండికేసింది.

దాంతో తిట్లన్నీ ఇంజన్ మీదికి మళ్ళాయి. మేస్త్రి ఊరుకునే రకం కాదు. "నా ఇంజన్‌కేమైందన్నా? గుర్రంలా ఉంది. నీ కరెంటు సంగతి నువ్వు చూసుకో," అన్నాడు.

షెడ్డులో నింపిన బ్యాటరీ తగిలించుకుని, దేవుడి మీద భారం వేసి, ఎలాగో ఆస్పత్రికి వెళ్ళొస్తున్నారు. రోజూ బానెట్ లేస్తోంది. తాళం అల్లుడు తిప్పుతున్నాడు. ఇంట్లో ఊపిరాడటం లేదంటూ కూతురు వచ్చి ముందు సీట్లో కూర్చుంటోంది. కరెంటాయన మాత్రం ఒక్కసారి కూడా బండిలోకి ఎక్కలేదు. ఎక్కితే ఆమె పక్కనే కూర్చోవాలి. ఎత్తిన మూత అడ్డంగా ఉన్నంతసేపూ ఆమెకు ఆయన ముఖం కనిపించదు, ఆయనకు ఆమె కళ్ళు కనిపించవు. బండి బాగుపడాలని ఎంత కోరుకున్నాడో, ఆ మూత దించే ఘడియ రాకూడదని కూడా పాపం అంతే కోరుకున్నాడు.

ఒక ఉదయం, ఆస్పత్రికి బయల్దేరాల్సిన వేళ, మేస్త్రి వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు. కాసేపు చూసి, నెమ్మదిగా అడిగాడు.

"అన్నా, ఇంతకీ ఎర్రలైటు వెలుగుతోందా? నాకు ఈ మాట నేర్పింది నువ్వే."

కరెంటాయన చేతిలో స్పానర్ ఆగిపోయింది.

"ఏ ఎర్రలైటు?" అంది సీట్లోంచి కూతురు. "ఇందులో చాన్నాళ్ళుగా రావట్లేదుగా."

అల్లుడు తల దించుకున్నాడు. "బల్బు నేనే తీసేశాను మామయ్యా. పాత ఇంజన్ పట్టేయక చాలా ముందు, ఒకసారి దారిలో ఆగిపోయింది కదా. అప్పట్నుంచీ తాళం తిప్పగానే ఈమె ఆ లైటు చూసి, మళ్ళీ ఆగిపోతుందేమోనని వణికిపోయేది. చూడలేకపోయాను."

కరెంటాయనకు మొత్తం అర్థమైంది. పాత ఆల్టర్నేటర్ ఇంజన్ జోరందుకోగానే తనంతట తానే మేలుకునేది. కొత్తదాన్ని మేలుకొలపాలంటే ఆ బల్బు గుండా వచ్చే చిన్నపాటి కరెంటు కావాలి. షెడ్డు బల్ల మీద ఒక బల్బు ఎప్పుడూ తగిలించే ఉంటుంది. అక్కడ పనిచేసింది అందుకే.

"ఇంతేగా," అన్నాడు కరెంటాయన మూత వెనకనుంచే. "బల్బు అక్కర్లేదమ్మా. దాని బదులు లోపల ఒక రెసిస్టరు వేసేస్తాను. పని జరిగిపోతుంది, నీకేమీ కనిపించదు."

"వద్దు నాన్నా. నాకు కనిపించకుండా చేసినవి చాలు. బల్బే పెట్టు."

ఇక తప్పలేదు. వచ్చి డ్రైవరు సీట్లో కూర్చుని, మీటరు బోర్డు విప్పి, బల్బు బిగించాడు. తాళం తిప్పితే ఎర్రలైటు వెలిగింది. కూతురు దాన్నే చూస్తూ కూర్చుంది. ఇంజన్ అందుకోగానే ఆరిపోయింది. "పద్నాలుగు దాటింది మామయ్యా!" అని అల్లుడు బయటినుంచి అరిచాడు. మేస్త్రి బానెట్ మూత ధన్‌మని దించాడు.

"డాక్టరు కుదరదన్నాడు కదూ?" అంది కూతురు.

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి నాన్నా? ఆ రోజు బెంచీ దగ్గర్నుంచీ నువ్వు నా మొహం చూడలేదు."

అప్పుడు చెప్పాడు. షుగరు సంగతి, డాక్టరు అన్న మాట, బెంచీ దగ్గర ఆడిన అబద్ధం, అన్నీ. "నీకు ఇవ్వలేకపోయాను తల్లీ," అని గ్రీజు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. ఆమె కళ్ళు తుడుచుకుంది గానీ, ఓదార్చలేదు. ఆమెకు కోపం వచ్చింది.

"ఇవ్వలేకపోతే పోయావు. మరి మందులు మొదలుపెట్టావా?"

ఆయన అడ్డంగా తలూపాడు. ఇన్నాళ్ళూ ఆ మందుల ఊసే ఆయనకు గుర్తు రాలేదు.

"అంటే ఒక్క మాత్రా వేసుకోలేదా! రేపు నా పక్క మంచం మీద నిన్ను కూడా పడుకోబెట్టి, ఆ గొట్టాలు పెడుతుంటే నన్ను చూడమంటావా నాన్నా?"

ఆయన దిగబోయాడు. ఆమె చొక్కా పట్టుకుని ఆపింది.

"దిగకు. మా ఆయన నడుపుతారు. నువ్వు కూడా వస్తున్నావు, ముందు నిన్ను చూపించాకే నేను లోపలికి వెళ్తాను. జరుగు."

కరెంటాయన మధ్యలోకి, ఆమె పక్కకి జరిగాడు.