మాలలో కబడ్డీ

నేను రిటైర్ కావడానికి నాలుగేళ్ళ ముందు, జూన్ నెల బదిలీల్లో నన్ను ఉప్పలగుప్తం వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు వేశారు. హోదా ఫిజికల్ డైరెక్టర్. పిల్లలకూ తోటివాళ్ళకూ పీడీ మాస్టారిని. ఉదయం ప్రార్థన సమావేశం నడపడం, డ్రిల్లు చేయించడం, జట్లను తయారుచేసి పోటీలకు తీసుకెళ్ళడం నా పని. దసరా దాటితే పదో తరగతి డ్రిల్లు పీరియడ్ లెక్కల మాస్టారి చేతిలోకి వెళ్ళిపోయేది. అందుకని వాళ్ళ ఆట సాయంత్రం లాంగ్ బెల్ కొట్టాకే సాగేది.

నా గురించి ఒక మాట ముందే చెప్పాలి. నేను భజన మందిరంలో పెరిగాను. మా నాన్నగారి పక్కన తాళాలు వేస్తూ పురాణం విన్నాను. ఏటా మాల వేసుకుని శబరిమల వెళ్ళి, చివరికి ఇతరులకు మాల వేసే గురుస్వామినయ్యాను. మా చుట్టుపక్కల చాలామంది నా చేతి మీదుగా దీక్ష తీసుకున్నారు.

ఆ ఏడు మా కబడ్డీ జట్టుకు బలం వీరబాబు, పదో తరగతి కుర్రాడు. రైడర్, అంటే అవతలి గడిలోకి కూతకు వెళ్ళేవాడు. తండ్రి రొయ్యల చెరువు కాపలాదారు. ఆయన కాలికి పుండు పట్టి, కాలు తీసెయ్యాలన్న పరిస్థితి వచ్చి, ఎలాగో మానింది. ఆ మొక్కు తీర్చుకోవడానికి కుర్రాడు మాల అడిగాడు. కార్తీకం మొదట్లో నేనే వేశాను. డివిజన్ పోటీలు అంతకుముందే అయిపోవలసినవి. వాయుగుండాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి, గ్రౌండులో నీళ్ళు నిలిచి, వాయిదా మీద వాయిదా పడి దీక్ష మధ్యలోకి వచ్చాయి.

వీరబాబుకు ఆ పోటీలు తప్పనిసరి. డివిజన్ ఆటలు చూసి సెలెక్షన్ కమిటీ జిల్లా జట్టును ఎంపిక చేస్తుంది. జిల్లాకు ఆడిన సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో, హాస్టలున్న కాలేజీలో ఇంటర్ సీటుకు వీలుంటుంది. లేకపోతే చదువు మాని తండ్రితో చెరువు గట్టు మీదికి వెళ్ళడమేనని ఇంట్లో అనేసుకున్నారు.

పోటీలు మా గ్రౌండులోనే పెట్టారు. సెమీఫైనల్లో మాకు ఎదురు వచ్చింది రాజోలు వైపు జట్టు. వాళ్ళ పీడీ రత్నకుమారి గారు, సర్వీసులో నాకు జూనియర్. ఆటకు ముందు రిఫరీ ఆటగాళ్ళ గోళ్ళూ మెడలూ చూస్తాడు. మెడలో ఏదీ ఉండకూడదన్నది నిబంధన. వీరబాబు మాలను జెర్సీ లోపల గుడ్డతో బిగించి కట్టించాను. రిఫరీ అది చూసి, చేతులు కళ్ళకద్దుకుని, "స్వామి శరణం" అని పక్కకు తప్పుకున్నాడు.

రైడర్‌ను ఆపడంలో మొదటిది కాలి పట్టు. చివర నిలబడే కార్నర్ ఆటగాడు మడమ దొరకపుచ్చుకుంటే మిగిలినవాళ్ళు మీద పడతారు. వీరబాబు కూతకు వెళ్ళాడు. వాళ్ళ ఎడమ కార్నర్ కుర్రాడు ప్రసాదు వంగాడు, చెయ్యి చాపాడు, వెనక్కి తీసుకున్నాడు. రెండోసారీ అంతే. మూడోసారి ఇంకొకడు పాదం తాకి, అలవాటుగా ఆ చేతిని కళ్ళకద్దుకున్నాడు. తాకితే రైడర్‌కు పాయింటు. గ్రౌండు చుట్టూ జనం శరణుఘోష ఎత్తుకున్నారు. మొదటి సగం అయ్యేసరికి మేం చాలా ముందున్నాం.

విరామంలో రత్నకుమారి గారు నా దగ్గరికి వచ్చారు.

"మాస్టారూ, మా పిల్లలు కబడ్డీ ఆడుతున్నారా, పాదనమస్కారాలు చేస్తున్నారా అండీ?"

నిబంధన చూపించి మాల తీయించమని ఆవిడ అడగవచ్చు. అడగలేదు.

"మా ఇంట్లోనూ స్వాములున్నారండి. మాల తీయమని నా నోటితో అనను. మీరు గురుస్వామి గారు, మీరే చెప్పండి ఏం చెయ్యాలో."

మా హెడ్మాస్టరు గారు నన్ను పక్కకు లాగారు. "మనమేవన్నా పట్టుకోవద్దన్నామా అండీ? వాళ్ళ భక్తి వాళ్ళది. ఆయన దయ అనుకుని ఊరుకోండి."

నేను వీరబాబును పిలిచాను. మాలలో ఉన్నవాణ్ణి శిష్యుడైనా "మీరు" అనే అంటాం.

"స్వామీ, ఇందాకట్నుంచీ మీ కాలి మీద పట్టు పడిందా?"

తల దించుకున్నాడు. "లేదండి."

"పట్టు పడితే పాయింట్లు తగ్గుతాయి. సెలెక్షన్ పోవచ్చు. ఇంటి సంగతి నాకు తెలుసు. అయినా పట్టుకోమనే చెబుతాను."

కోపగించుకుంటాడనుకున్నాను. "ఆయ్, నేనే చెప్తానండి" అని అవతలి జట్టు దగ్గరికి నడిచాడు.

దీక్షలో ఉన్నవాడు ఎదుటివాణ్ణి కూడా స్వామీ అనే పిలవాలి. ఎదుటివాడిలోనూ ఆయనే ఉన్నాడన్నది ఆ పిలుపుకు అర్థం. వీరబాబు ప్రసాదు ముందు నిలబడి చేతులు జోడించాడు.

"స్వామీ, నా కాలు పట్టుకోండి."

"దోషం కదా స్వామీ!"

"దోషవుంటే మా గురుస్వామి గారు పడతారంటండి. మీరు గట్టిగా పట్టుకోండి."

అవతలి పిల్లలు నవ్వారు. ప్రసాదు నావైపు చూశాడు. "మీరూ స్వామే నాయనా, పట్టండి" అన్నాను.

రెండో సగం మొదటి కూతలోనే మడమ దొరికింది. వీరబాబు మట్టిలో పడ్డాడు, లేచాడు, బయటికి వెళ్ళి కూర్చున్నాడు. తిరిగి వచ్చాక బాగానే ఆడాడు, రెండుసార్లు పట్టు విడిపించుకున్నాడు. కానీ ప్రసాదు నిజంగా మంచి ఆటగాడు. కొద్ది పాయింట్ల తేడాతో ఓడిపోయాం.

మొదటి సగంలో అసలు పట్టే పడలేదు కనక కమిటీ వాళ్ళు రెండో సగాన్నే లెక్కలోకి తీసుకున్నారు. జిల్లా జట్టులోకి ప్రసాదు వెళ్ళాడు. వీరబాబు పేరు రాలేదు. ఒకసారి మళ్ళీ చూడమని అడిగాను, కుదరదన్నారు.

మర్నాడు వీరబాబు నాన్న స్కూలు గేటు దగ్గర నన్ను ఆపాడు. "మాలా మీరే వేసేరు, పట్టించిందీ మీరే. మా వోడికి దేవుడే అడ్డవొచ్చేడని చెప్పుకోమంటారా అండీ?" అన్నాడు. దేవుడు కాదు, నేనని చెప్పాను. ఆయన వెళ్ళిపోయాడు. ఆ నెలాఖరున వీరబాబుకు ఇరుముడి నేనే కట్టాను. తండ్రి వచ్చి, దూరంగా నిలబడి, కట్టడం పూర్తయ్యేదాకా ఉన్నాడు. పదో తరగతి పాసయ్యాక కుర్రాడు చెరువు పనిలోకే వెళ్ళాడు.

తర్వాత నా సర్వీసులో ఆటలాడే పిల్లలు ఎవరు మాల అడిగినా, పోటీలు పూర్తయ్యాకే వేస్తానని చెప్పాను. కొందరు వేరే గురుస్వామి దగ్గరికి వెళ్ళారు. వాళ్ళను జట్టులోంచి తీయలేదు. అవతలి జట్టు పీడీకి మాత్రం ఆటకు ముందే చెప్పి, పట్టు పట్టమని పిల్లలకు చెప్పించాను. మాలకు జనం ఇచ్చే మర్యాద స్వామిది. దాన్ని మా స్కోరులో కలుపుకునే హక్కు ఆ కుర్రాడికీ లేదు, నాకూ లేదు. ఆ రోజు నేను తీసుకున్న నిర్ణయానికి మూల్యం మాత్రం నేను చెల్లించలేదు, వీరబాబు చెల్లించాడు. పిల్లల తరఫున ధర్మం నిర్ణయించే ఉద్యోగంలో తీసుకున్న నిర్ణయాన్నీ, దానికి మూల్యం చెల్లించినవాణ్ణీ కలిపే గుర్తుంచుకోవాలని నేర్చుకున్నాను.