మిద్దె మీద తూకం

గౌసియాకు ఆ విదేశీయుల మీద మొదటిసారి గట్టిగా అనుమానం వచ్చింది, వాళ్లు పిల్లోణ్ణి తూచడం చూసిన రోజున.

ప్రొద్దుటూరులో మా ఎదురింటి మిద్దె మీద ఇటలీ నుంచి వచ్చిన ఒక జంట దిగింది. ఆమె పావోలా, ఆయన స్టెఫానో. జమ్మలమడుగు వైపున్న ఒక శిశుగృహం నుంచి అక్కా తమ్ముళ్లను దత్తత తీసుకున్నారు. గంగకు ఇంకా మూడేళ్లు నిండలేదు. ఓబులేసు నాలుగడుగులు వేసి కూలబడే వయసు. దత్తత ఉత్తర్వులు వచ్చేశాయి, పిల్లల పాస్‌పోర్టులు మాత్రం రాలేదు. అవి వచ్చేదాకా వాళ్లు ఈ ఎండల్లోనే ఉండాలి. ఆ ఇంటి యజమాని ఆదినారాయణకు చాపాడులో పొలాలున్నాయి, వీధిలో మాటకు చెల్లుబాటు ఉంది. వంటకూ పిల్లలకూ గౌసియాను కుదిర్చింది ఆయనే. పని కోసం కాదు, పైన ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి.

గౌసియా కువైట్‌లో ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో పనిచేసింది. ఆ ఇంటి ముగ్గురు పిల్లలకూ పాలు పట్టిందీ, జోలపాడిందీ ఆమే. ఇక్కడ పాకే వయసులో వదిలిపోయిన కూతురు ముస్కాన్, తల్లి తిరిగొచ్చిన రోజున నాయనమ్మ వెనక దాక్కుంది. ఇప్పుడు ముస్కాన్ పులివెందులలో కాపురం చేసుకుంటోంది. వాళ్లు దూదేకులవాళ్లు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా వైపు ఏ బిడ్డా కన్నతల్లిని 'మీరు' అనదు. ముస్కాన్ అంటుంది.

అందుకే గౌసియా ఎవర్నీ ఊరికే నమ్మదు. పిల్లలు మంచం మీద పడుకోక ఏడిస్తే, పావోలా, స్టెఫానో కూడా చాప పరుచుకుని వాళ్ల పక్కనే పడుకోవడం మొదలుపెట్టారు. గౌసియా నాతో అది చెప్పి మూతి తిప్పింది.

"మంచాలు పెట్టుకోని కింద పండుకుంటారంట. ఎవురికి చూపియ్యాలని ఈ నాటకం?"

పావోలా ఉడకేసిన కూరగాయల ముద్దను పిల్లలు ఉమ్మేసేవాళ్లు. గౌసియా రాగి సంగటిని పాలలో మెత్తగా పిసికి పెడితే గుటుక్కున మింగేవాళ్లు. అప్పుడు పావోలా పక్కనే కూర్చుని ఆమె చేతివేళ్లనే చూసేది. ఒకసారి తనూ కలపబోయి వేళ్లు కాల్చుకుంది. "నా పనీ నేర్చుకుంటాంది. రేపు నన్నెళ్లగొట్టేకి," అంది గౌసియా.

ఇక తూకం. ప్రయాణపు పెట్టెలు తూచే కొక్కెం కాటా ఒకటి వాళ్ల దగ్గర ఉంది. పొద్దున్నే ఓబులేసును గుడ్డ ఉయ్యాలలో కూర్చోబెట్టి, ఆ కొక్కేనికి తగిలించి, స్టెఫానో పైకెత్తి పట్టుకునేవాడు. పావోలా అంకె చూసి ఫోన్‌లో ఎక్కించుకునేది. తర్వాత పిల్లోడి వీపు, పొట్ట, కాళ్లు ఫోటోలు తీసేది.

బక్రీద్ దగ్గరపడింది. పులివెందుల, లింగాల వైపు నుంచి పొట్టేళ్లు మా వీధి మొదట్లోకి వచ్చాయి. అక్కడా కొక్కెం కాటాలే. గౌసియా మెట్లు దిగి నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"అప్పా, నీకు ఇంగ్లీషు వస్తాది గదా. పిల్లోణ్ణి ఎందుకు తూస్తాండారో అడుగు. తూకమేసేది అమ్మేటోడన్నా అయ్యుండాల, కొనేటోడన్నా అయ్యుండాల."

"అంగన్‌వాడీలో తూయరా అక్కా?"

"ఆడ నెలకొకసారి. ఈమె దినామూ తూస్తాంది. బిడ్డకు దిష్టి తగలదా? కన్నతల్లి అట్ల చేస్తాదా?"

వెళ్లి అడిగాను. పిల్లోడు వయసుకు తగ్గ బరువు లేడని, తమ ఊరి డాక్టరు రోజూ వివరాలు పంపమన్నాడని స్టెఫానో చెప్పాడు. చెప్పేటప్పుడు నా ముఖంలోకి చూడలేదు. నేను సొంతంగా పుస్తకాలు చదివి నేర్చుకున్న ఇంగ్లీషు, ఆయనకు వచ్చిన అరకొర ఇంగ్లీషు. ఆ రెండింటి మధ్య ఒక అబద్ధం హాయిగా దాక్కునేంత చోటుంది. నాకూ నమ్మకం కుదరలేదు.

"డాక్టరంటే అయిపోయె. ఇంగేం అడిగేకి లేదు గదా," అంది గౌసియా.

రెండు రోజుల తర్వాత ఓబులేసుకు విరేచనాలు పట్టుకుని బరువు తగ్గాడు. పావోలా కాటా చేతిలో పట్టుకుని వంటింట్లో ఏడ్చిందని గౌసియా వచ్చి చెప్పింది. ఆమె గొంతు కొంచెం మెత్తబడింది.

"పొట్టేలు తగ్గినా యజమాని ఏడుస్తాడక్కా," అన్నాను.

నా మాటకు ఆమె నవ్వలేదు. ఆ సాయంత్రం ఆదినారాయణ అరుగు మీద కూర్చున్నవాళ్లకు తూకం సంగతీ, ఫోటోల సంగతీ అంతా చెప్పేసింది. తెల్లారేసరికి వీధి చివర ఆ కథ కిడ్నీల దాకా పోయింది. ఆ పిల్లలు శిశుగృహంలో ఉన్నన్నాళ్లూ ఈ వీధిలో ఒక్కరూ అటువైపు తొంగి చూడలేదు. నల్లగా ఉన్నారు, పైగా ఇద్దరు, ఎవరికి కావాలి? ఇప్పుడు మాత్రం అందరికీ వాళ్లు మన పిల్లలయ్యారు. ఎవరో ఫోన్ చేశారు.

పిల్లల సంరక్షణ విభాగం నుంచి ప్రియదర్శిని అనే అధికారి వచ్చింది. వెంట ఖాకీ బట్టల్లో ఒక కానిస్టేబుల్. ఆదినారాయణ ముందు నడిచాడు, మాట తర్జుమా చేయడానికి నన్నూ పైకి రమ్మన్నారు. గౌసియా గుమ్మం పక్కనే కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తోంది. పిల్లలిద్దరూ ఆమె మోకాళ్ల దగ్గర పొట్టుతో ఆడుకుంటున్నారు. పావోలా గది ఆ చివర బట్టలు మడతపెడుతోంది.

"ఫిర్యాదులో నిజముందని తేలితే పిల్లల్ని ఈ రోజే వెనక్కి తీసుకుపోతాం. తర్వాత విచారణ ఎన్నాళ్లు పడుతుందో నేను చెప్పలేను," అంది ప్రియదర్శిని.

నేను ఇంగ్లీషులో చెప్పాను. స్టెఫానో ముఖం తెల్లబోయింది.

కానిస్టేబుల్ లోపలికి అడుగుపెట్టాడు. గంగ కెవ్వున అరిచి లేచింది. ఓబులేసు కూడా లేచాడు. ఇద్దరూ గౌసియాను దాటి పరుగెత్తారు. వాడు మధ్యలో పడ్డాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు. చివరికి పాకుతూ వెళ్లి పావోలా కాలు చుట్టేసుకుని ఆమె ప్యాంటులో ముఖం దాచుకున్నాడు. పట్టుకుందామని చాచిన గౌసియా చేతులు అట్లాగే ఉండిపోయాయి. ఆమె వాటిని మెల్లగా ఒళ్లోకి తీసుకుంది.

"చెప్పు మే గౌసియా, తూకం సంగతి చెప్పు," అన్నాడు ఆదినారాయణ.

ఆమె ఇంకో చెనిక్కాయ తీసి ఒలిచింది.

"తూయమనింది నేనేమ్మా. నా సంగటి వాని ఒంటికి పడతాందా లేదా అని."

"రోజూనా?" అంది ప్రియదర్శిని.

"నాకు కొంచెం తొందరెక్కువ."

"నిన్న అరుగు మీద చెప్పింది నువ్వే గదమ్మే!" ఆదినారాయణ గొంతు పెంచాడు.

"నిన్న మా ముస్కాన్ పండగకు రానని ఫోన్ చేసె మామా. ఆ మంటలో ఏమేమో అంటి. నువ్వు దాన్ని పట్టుకోని ఈయమ్మను ఎండలో తిప్పితివి."

ప్రియదర్శిని కాగితాలు చూసింది, పిల్లల్ని చూసింది, ఇటలీ డాక్టరు పంపిన సందేశాలు చూసింది. వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆదినారాయణ గౌసియాతో మాట్లాడటం మానేశాడు. పాస్‌పోర్టులు వచ్చాయి. కారు ఎక్కేటప్పుడు పావోలా ఆమెను గట్టిగా కౌగిలించుకుంది. గౌసియా కర్రలా నిలబడింది.

కారు మలుపు తిరిగాక ఆమె పైకెళ్లి నేల కడగడం మొదలుపెట్టింది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"వాళ్లు మంచోళ్లేనని నమ్మినావా అక్కా?"

"నమ్మేకి నాకేం తెలుసప్పా. ఆ దేశం యాడుందో గూడా తెలీదు. ఆ మాట చెప్పిన దినం నుంచి నాకు నిద్దర లేదు."

"మరి అబద్ధం ఎందుకు చెప్పినావు? వాడు కాలు పట్టుకున్నాడనా? భయమేస్తే పిల్లలు ఎవురు దగ్గరుంటే వాళ్ల కాలే పట్టుకుంటారు. దానికింత అర్థముంటాదా?"

గౌసియా నేల తుడిచే గుడ్డను పిండి, నా వైపు తిరిగింది.

"దగ్గరున్నింది నేనప్పా," అంది.