హైదరాబాదుకు పోయిన రంగి

మనవరాలు బడి వేడుక కోసం కొన్న బొమ్మను నిన్న తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ప్లాస్టిక్ వాసన, జిగురు వాసన, చీరనిండా అచ్చొత్తిన జరీ. బాగుందమ్మా అన్నాను. ఏమనాలి మరి? ఈ వయసులో దేనికి వంక పెట్టినా చాదస్తమనే అంటారు, వాదించే ఓపికా లేదు. కానీ అప్పటినుంచి రంగి మనసులో మెదులుతూనే ఉంది.

రంగి నా గుడ్డబొమ్మ. నాయన తల్లి, మా అవ్వ, చేసిచ్చింది. గద్వాలలో మాది నేతవారి వీధి. ఎండాకాలం పొద్దున్నే వీధి పొడవునా నూలు చాపి జొన్నగంజి పట్టించేవారు. ఆ పులిసిన గంజి వాసన, వాకిట్లో ఆరబోసిన చింతపండు వాసన, అవ్వ నమిలే ఆకువక్క వాసన కలిసిపోయి అదే మా ఇంటి వాసన అయ్యేది. మగ్గం మీంచి చీర దిగితే మిగిలిన ముక్కలన్నీ అవ్వవే. పాతగుడ్డలు చుట్టి మొండెం, నల్లనూలుతో కొప్పు, కాటుకతో కండ్లు, ముక్కుకు ఎర్రపూస. చీరను తను కట్టుకున్నట్టే గోచిపెట్టి బిగించి కట్టేది. రంగిని చూస్తే మా వీధి ఆడమనిషే ఎవరో నీళ్లకు బయల్దేరినట్టుండేది.

నిజాం పాలన పోయి మా ఊళ్లూ దేశంలో కలిసిన మరుసటి ఏడు మృగశిర దాటినా చినుకు రాలలేదు. అప్పుడే మా బడికి పట్నం నుంచి ఒక పంతులమ్మ వచ్చింది. దేశంలోని అన్ని సీమల బొమ్మలనూ, ఎవరి కట్టుతో వారిని, హైదరాబాదులో ఒక్కచోట నిలబెడుతున్నారట. పంజాబుది వచ్చిందట, బెంగాలుది వచ్చిందట, మనది లేకపోతే దేశంలో మనమున్నట్టు ఎవరికి తెలుస్తుందని అడిగింది. మా ఇంటికొచ్చి రంగిని అటూ ఇటూ తిప్పి చూసి, ఇదే కావాలంది. ఇవ్వనంటే ఇవ్వనని నేను నేలమీద పడి ఏడ్చాను. వచ్చే శుక్రవారమే రంగి పెండ్లి మరి! బొమ్మల పెండ్లి చేస్తే వాన పడుతుందని మావైపు నమ్మకం. పెండ్లికొడుకు నా నేస్తం సాయమ్మది. వాళ్లు ఊరవతల చేను చేసుకునే రైతులు.

"దేశం అడిగితె లేదంటమా బిడ్డా? నాలుగొద్దులు నిలబడి వస్తది, పెండ్లినాటికి ఈడుంటది," అన్నాడు నాయన. తను నేసిన చీర అంచు పట్నం చూస్తుందని ఆయన సంబరం. తప్పక పంపిస్తానని పంతులమ్మ నా తలమీద చెయ్యిపెట్టి చెప్పింది.

శుక్రవారం వచ్చింది, రంగి రాలేదు. సాయమ్మవాళ్లు డప్పుతో, బెల్లంబువ్వ గంపతో, పీటమీద పెండ్లికొడుకుతో వచ్చేశారు. నేను గుంజ పట్టుకొని వెక్కుతున్నాను. అవ్వ మగ్గం వైపు చూసింది.

"దొరలింట్ల పెండ్లికొడుకు రాకుంటె కత్తికిచ్చి చెయ్యలేదా? మనకు కత్తేడున్నది, నాడె ఉన్నది!"

నాడె అంటే మగ్గంలో పోగును అటూ ఇటూ మోసే కొయ్య పనిముట్టు. రంగికి బదులు దాన్నే పెండ్లికూతుర్ని చేసి, రంగి చీరలో మిగిలిన ముక్క చుట్టి, పసుపు రాసి, తాళి కట్టించింది. అందరం నవ్వాం, నాయనా నవ్వాడు. అప్పగింతలప్పుడు గానీ సంగతి తెలియలేదు. పెండ్లయిన పిల్ల పుట్టింట్లో ఎందుకుంటుందని సాయమ్మ తల్లి నాడెను కొంగున కట్టుకొని నడిచింది. నాయన లబోదిబోమన్నాడు. గద్వాల చీరకు అంచులకు వేరే నాడెలు, నడుమకు వేరే నాడె. ఒక్కటి తక్కువైనా మగ్గం కదలదు.

"నోర్మూయ్‌రా! అత్తింటికి పోయిన పిల్లను గుంజుకొస్తరా ఏంది? వాన పడేదాక ఊకో," అని అవ్వ ఉరిమింది.

సగం నేసిన చీర ముందు నాయన మోకాళ్లు పట్టుకొని కూర్చునేవాడు. ఎట్టకేలకు వాన పడింది, నాడె పసుపుతోనే పుట్టింటికి చేరింది. రంగి మాత్రం రాలేదు.

పంతులమ్మ వేరే ఊరికి బదిలీ అయిపోయింది. పట్నం నుంచి ఎవరొచ్చినా అడిగేదాన్ని, వాళ్లు నవ్వేవారు. చీరలమ్మడానికి పోయినప్పుడు నాయనే వెతికి, అలిసిపోయి వచ్చాడు. "ఢిల్లీకి తీస్కపోయిండ్రట బిడ్డా. ఇంక పెద్దోళ్లు చూస్తుండ్రు మనల." నిజమో, నన్ను ఊరడించడానికి అన్నాడో ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు ఆ వీధిలో గంజివాసన లేదు. గోచికట్టు కట్టే మనిషి ఒక్కతీ మిగల్లేదు, సాయమ్మా పోయింది. నాకూ విసుగొచ్చింది, ఈ పోయినవాటిని లెక్కపెట్టుకోవడంతో. ఎక్కడైనా గాజుపెట్టెలో ఆ బొమ్మ ఇంకా నిలబడే ఉంటే కింద ఏదో రాసే ఉంటారు. తీసుకుపోయిననాడు పంతులమ్మ ఊరు అడిగింది, కులం అడిగింది, చీర అంచును ఏమంటారో అడిగి రాసుకుంది. దాని పేరు అడగలేదు. నాలుగొద్దుల్లో వచ్చేస్తుంది కదా అని నేనూ చెప్పలేదు.