బొగ్గు లారీలో వినిపించిన కేక

దయ్యాలూ భూతాలూ అంటే నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. శ్మశానం పక్కన లారీ ఆపుకొని గుర్రుపెట్టి నిద్రపోయిన మనిషిని. అందుకే ఈ సంగతి చెప్పినప్పుడల్లా మా ఇంట్లోవాళ్లు నా మొహంలోకి అదోలా చూస్తారు.

పంతొమ్మిది వందల డెబ్బైల్లో పెట్రోలు ధర భగ్గుమన్నప్పుడు తిరువూరులో మా పాత పెట్రోలు లారీ షెడ్డులో పడింది. దాన్ని మళ్లీ రోడ్డెక్కించింది మా నాన్న స్నేహితుడు మస్తాన్ బాబాయ్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలు దొరకనప్పుడు బొగ్గు బస్సులు నడిపిన మనిషి. క్యాబిన్ వెనక ఇనప డ్రమ్ము బిగించి, అందులో బొగ్గులు రాజేసి, ఆ గ్యాసుతో ఇంజను నడిపించాడు. బయల్దేరే ముందు డ్రమ్ముకున్న గాలిచక్రం చేత్తో తిప్పి నిప్పుకు గాలి ఊదాలి. ఎత్తు వస్తే దిగి తోయాలి. ఊరంతా నవ్వింది. లారీ మాత్రం నడిచింది.

బాబాయ్‌ది ఒకటే పట్టు. డ్రమ్ములో నిప్పుండగా క్యాబిన్ అద్దాలు ఎత్తకూడదు. ఆ గ్యాసుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుందనేవాడు. ఎప్పుడైనా ఎత్తామా, నిప్పు ఎగదోసే చువ్వతో తలుపు మీద బాది, "అద్దాలు దించండ్రా సన్నాసుల్లారా!" అని కేకేసేవాడు. ఆ కేక వింటే నా చెయ్యి దానంతటదే హ్యాండిల్ మీదకు పోయేది.

ఒక వేసవిలో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది. మాటా పోయింది.

ఆ వేసవిలోనే రెడ్డిగూడెంలో మా తోట మామిడికాయ కోయించి, నేనూ మా బావా లారీలో బెజవాడ బయల్దేరాం. ఏడాదంతా మా ఇంటి తిండీ బట్టా ఆ లోడు మీదే. మైలవరం దాటాక సాయంత్రం గాలివాన పట్టుకుంది. దారి కనపడక పక్కకు ఆపాం. నిప్పు ఆరితే తడిసిన బొగ్గు మళ్లీ అంటుకోదు, లారీ కదలదు, కాయ కుళ్లిపోతుంది. అందుకని నిప్పు అలాగే ఉంచాం. జల్లు లోపలికి కొడుతుంటే అద్దాలు ఎత్తేశాం.

"కాసేపేగా, ఏం కాదులే" అన్నాడు బావ.

కొంతసేపటికి బావ నిద్రపోయాడు. నాకూ తల బరువెక్కింది. హాయిగా అనిపించి కదలబుద్ధి కాలేదు.

అప్పుడు తలుపు మీద చువ్వ దెబ్బ. "అద్దాలు దించండ్రా సన్నాసుల్లారా!"

బాబాయ్ గొంతే. నా చెయ్యి అద్దం దించేసింది. వాన మొహాన కొట్టింది. బావను బయటికి లాగి బురదలో పడుకోబెట్టాను. వాంతి చేసుకుని, మెల్లగా కళ్లు తెరిచాడు. చుట్టూ చూశాను. రోడ్డు మీద నరమానవుడు లేడు.

మర్నాడు కాయ అమ్ముకుని తిరువూరు రాగానే నేరుగా బాబాయ్ ఇంటికి వెళ్లాను. మంచంలో ఎప్పటిలాగే ఉన్నాడు. నేను నోరు విప్పకముందే ఆయన భార్య బీబీ పిన్ని కళ్లు తుడుచుకుంటూ చెప్పింది.

"నిన్న సాయంత్రం మీ బాబాయికి మాటొచ్చింది అబ్బాయ్. అద్దాలు దించండ్రా అని ఒకటే కేక. మళ్లీ లేదు. ఈ తాటాకింట్లో అద్దాలెక్కడున్నాయయ్యా దించడానికి?"

గ్యాసు తలకెక్కితే లేనిపోనివి వినపడతాయని తర్వాత ఒక డాక్టరు అన్నాడు. సరే, నాకు ఎక్కింది. పిన్నికి ఎక్కలేదుగా.

బాబాయ్ పోయేదాకా ఇంకో మాట మాట్లాడలేదు. మిగిలిన ఆ ఒక్క మాటా మా ఇద్దరి కోసమే వాడేశాడని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది. అంత దూరం ఎలా వినిపించాడో మాత్రం ఈ రోజుకీ తెలీదు.