బుద్రి అడ్డపిక్కలు తినలేదు

ఎనభైల మొదట్లో నేను అరకులో పళ్ల డాక్టరుగా చేరాను. అనంతగిరి కాఫీ తోటల్లో పనిచేసే బుద్రికి పుచ్చిన దవడ పన్ను తొలిచి, అందులో లోహపు ముక్క పెట్టి, కొత్తగా వచ్చిన రెజిన్ సిమెంటుతో అతికించాను. అతికించేటప్పుడే ముక్క గుంటకు సరిపోక వదులుగా ఉంది. మళ్లీ చేయించే ఓపిక లేక సందంతా సిమెంటుతో నింపేశాను. అడవిలో ఏరుకుని కాల్చుకు తినే అడ్డపిక్కల్లాంటి గట్టి గింజలు కొరకొద్దని చెప్పి పంపాను.

నాలుగో రోజు బుగ్గ పట్టుకుని వచ్చింది. పన్ను నిలువునా చీలిపోయింది.

"అడ్డపిక్కలు కొరికావు కదూ?" అని అందరి ముందూ గద్దించాను.

"నేదు బాబూ. మీరొద్దన్నారు గదా, అంబలే తాగినాను."

"నిజం చెప్పేదాకా నిన్ను ముట్టుకోను."

పక్కనున్న మొగుడు కసిరాడు. "తిన్నావేటే? బేగి సెప్పు!"

నొప్పికి ఆమె కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. "తిన్నాను బాబూ, తప్పయిపోనాది" అంది.

పన్ను పీకేశాను.

తర్వాత సిమెంటు పెట్టెలోని కాగితం మొదటిసారి చదివాను. ఆ సిమెంటు గట్టిపడుతూ కుంచించుకుపోతుందట. మందంగా పెడితే పంటి గోడలను లోపలికి లాగి చీల్చేస్తుందట.

బుద్రి నోట్లో దూదితో ఇంకా వరండాలోనే బస్సు కోసం కూర్చుని ఉంది. "నోరు కట్టుకోనేవు" అని మొగుడు తిడుతూనే ఉన్నాడు. కిటికీ పక్కన నిలబడి అంతా విన్నాను. బయటికి వెళ్లలేదు.

ఈ పత్రిక బుద్రి చదవదు, ఆమె మొగుడూ చదవడు. వాళ్లకు చెప్పాల్సిన మాట ఇప్పుడు మీకు చెబుతున్నాను. ఇదీ నాకు సుళువైన పనే.